గుండె కవాటానికి సున్నం పట్టినప్పుడు



"మీ గుండె కవాటం గట్టిపడింది, దానికి సున్నం పట్టింది" అని డాక్టరు చెప్పగానే ఓ.పి.లో చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "నేను తమలపాకులో సున్నం ఎక్కువ వేసుకుంటానండీ, అందుకేనా?" అలవాటు లేనివారైతే బోరు నీళ్ళ మీద అనుమానపడతారు. మా గిన్నెల అడుగున తెల్లగా పేరుకుంటుంది కదా, అదే గుండెలోనూ పేరుకుందా అని అడుగుతారు. ఈ రెండూ కారణం కాదు. అయినా ఆ ప్రశ్నలు తెలివితక్కువ ప్రశ్నలేమీ కావు. వందేళ్ళ క్రితం పెద్ద పెద్ద వైద్యులు కూడా ఇంచుమించు అలాంటి ఊహే చేశారు. ఆ సంగతి చెప్పుకొనే ముందు ఈ కవాటం ఏమిటో, ఎక్కడుంటుందో చూద్దాం.

గుండెకు నాలుగు గదులు, నాలుగు కవాటాలు. కవాటం అంటే తలుపు. రక్తాన్ని ముందుకు పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. ఎడమవైపు కింది గది అన్నిటికన్నా బలమైనది. తల నుంచి కాలి బొటనవేలి దాకా రక్తం పంపేది అదే. ఆ గదిలోంచి రక్తం బయటికి వచ్చే గుమ్మం దగ్గర ఉన్న తలుపే బృహద్ధమని కవాటం. డాక్టర్లు అయోర్టిక్ వాల్వ్ అంటారు. దీనికి అర్ధచంద్రాకారంలో మూడు రేకులుంటాయి. ఒక్కో రేకు మందం ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ. గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే రోజుకు లక్ష సార్లు ఆ రేకులు తెరుచుకొని మూసుకోవాలి. నిద్రలో కూడా వాటికి సెలవు లేదు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ఈ తలుపు పూర్తిగా తెరుచుకుంటే దారి 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. మన జేబులోని రూపాయి బిళ్ళంత అనుకోండి. రేకులు మందమై, సున్నం పట్టి, బిగుసుకుపోతే ఆ దారి తగ్గుతూ వస్తుంది. 1 చదరపు సెంటీమీటరు కన్నా తగ్గితే దాన్ని తీవ్రమైన ఇరుకుగా లెక్కిస్తారు. అది చొక్కా గుండీ అంత. రూపాయి బిళ్ళంత దారిలో పోవలసిన రక్తం చొక్కా గుండీ అంత దారిలో పోవాలి.

అప్పుడు గుండె ఏం చేస్తుంది? ఇంకా గట్టిగా తోస్తుంది. చేతికి పట్టీ కట్టి చూస్తే మీ బి.పి. పైఅంకె 120 వచ్చిందనుకుందాం. కవాటం బాగుంటే గుండె లోపల కూడా 120 చాలు. కవాటం దగ్గర 60 అంకెల ఒత్తిడి అడ్డుపడుతుంటే లోపల 180తో తోస్తేనే బయట 120 వస్తుంది. చేతి దగ్గర బి.పి. మామూలుగానే కనిపిస్తుంది, గుండె మాత్రం రాత్రింబవళ్ళు 180 బి.పి. ఉన్న మనిషి గుండెలా కష్టపడుతూ ఉంటుంది. "బి.పి. చూపించుకున్నాం, నార్మల్ అన్నారు" అని ధీమాగా ఉండేవాళ్ళకు ఈ సంగతి తెలియాలి. ఎక్కువ బరువు మోసేవాడి కండలు పెరిగినట్టే గుండె గోడ కూడా మందమవుతుంది. ఆ మందం వల్లనే చాలా ఏళ్ళు ఏ బాధా తెలియకుండా నెట్టుకొస్తుంది. ఈ జబ్బులో మోసమంతా ఇక్కడే ఉంది.

సున్నం ఎక్కడి నుంచి వచ్చింది?

1904లో జర్మనీకి చెందిన మోంకెబెర్గ్ అనే వైద్యుడు ఈ జబ్బును వివరించాడు. ఏళ్ళ తరబడి వాడిన తలుపు బందులు అరిగినట్టు కవాటం అరిగిపోతుందనీ, అరిగినచోట సున్నం చేరుతుందనీ అప్పటివారి అభిప్రాయం. ఆ తరువాత చాలాకాలం అదే నమ్మకం. 1990లలో, తొలిదశలో ఉన్న కవాటాలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించిన తరువాత ఆ అభిప్రాయం మారింది. ముందుగా రేకు పైపొర ఎక్కడో దెబ్బతింటుంది. అక్కడ కొవ్వు చేరుతుంది. కొవ్వు చేరినచోట వాపు మొదలవుతుంది. ఆ వాపులో రేకు కణాలు కొన్ని తమ స్వభావం మార్చుకొని, ఎముకను కట్టే కణాల లాగా పని చేయడం మొదలుపెడతాయి. కొందరి కవాటాలను ఆపరేషన్‌లో తీసి చూస్తే వాటిలో నిజమైన ఎముకే కనిపించింది.

అంటే నీళ్ళలోని ఉప్పు వచ్చి పేరుకోవడం కాదు, ఒంట్లోని కణాలే అక్కడ ఎముక కట్టడం. కాబట్టి తమలపాకు సున్నానికీ, పాలకూ, గుడ్డుకూ దీనితో సంబంధం లేదు. (తమలపాకులో పొగాకు వేసుకునేవారు మాత్రం సంబరపడవద్దు. నోటికి అది చేసే చెరుపు వేరే కథ.) ఎముకలు పలచబడ్డాయని డాక్టరు కాల్షియం మాత్రలు రాసిన అమ్మలు, కవాటం భయంతో వాటిని తమంతట తాము ఆపవద్దు. వచ్చినప్పుడు రెండు చీటీలూ చూపించి అడగండి.

ఈ మార్పును తొందరపెట్టేవి ఏమిటంటే వయసు, పొగ తాగడం, బి.పి., షుగరు, చెడు కొవ్వు. పుట్టుకతోనే వంశంలో వచ్చే లైపోప్రొటీన్-ఏ అనే ఒక రకం కొవ్వు కొందరిలో ఎక్కువగా ఉంటుంది, దాని పాత్ర కూడా తేలింది. కిడ్నీలు పాడైనవారిలో ఈ సున్నం చిన్న వయసులోనే మొదలై త్వరగా పెరుగుతుంది. మన జిల్లా పొలిమేర దాటితే ఏ. కొండూరు తండాలు, ఆ చివర శ్రీకాకుళంలో ఉద్దానం. కిడ్నీ జబ్బుతో నలిగిన ఊళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. డయాలిసిస్ మీద ఉన్నవారు గుండె ఎకో పరీక్ష గురించి తమ డాక్టరును ఒకసారి అడగడం మంచిది.

ఏ వయసులో ఎవరికి?

60, 65 దాటాక వచ్చేది ఒక రకం. అమెరికాలో 65 ఏళ్ళు దాటిన వేలమందికి ఎకో చేసి చూస్తే నలుగురిలో ఒకరికి రేకులు మందమై కనిపించాయి. దారి ఇరుకైనవారు మాత్రం నూటికి ఇద్దరే. అంటే "మందమైంది" అన్న ప్రతి ఒక్కరికీ ఆపరేషన్ అవసరం రాదు. అలాగని పట్టించుకోకుండా వదిలేయడమూ సరికాదు. అలా మందమైనవారిలో గుండెపోటు వంటి ఇతర గుండెజబ్బులు ఎక్కువగా వచ్చాయని అదే బృందం 1999లో ప్రకటించింది. రేకు మందమవడం రక్తనాళాల్లో ఏదో జరుగుతోందని చెప్పే ఒక గుర్తు కూడా.

రెండో రకం పుట్టుకతోనే ఉంటుంది. నూటికి ఒకరికో ఇద్దరికో మూడు రేకులకు బదులు రెండే రేకులుంటాయి. బాల్యంలో ఏ తేడా తెలియదు. పెళ్ళవుతుంది, పిల్లలవుతారు, పొలం పని చేసుకుంటారు. 40, 50 ఏళ్ళ వయసులో ఆ రెండు రేకులూ ముందుగానే సున్నం పట్టి బిగుసుకుంటాయి. టెర్మినేటర్ సినిమాల నటుడు ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్‌ను చూసి ఎవరైనా గుండెజబ్బు మనిషి అనుకుంటారా? ఆయనకు పుట్టుకతోనే ఈ లోపం. 1997లో 49వ ఏట ఆపరేషన్ అయింది, 2020లో ఆ కవాటాన్ని మళ్ళీ మార్చారు. ఒంటి బలం వేరు, కవాటం వేరు. మీ ఇంట్లో ఒకరికి రెండు రేకుల కవాటం ఉందని తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు కూడా ఒకసారి ఎకో చేయించుకోవాలి.

మూడో రకం గురించి మన ప్రాంతంలో కాస్త ఎక్కువగా చెప్పుకోవాలి. పిల్లలకు గొంతునొప్పి వస్తుంది, తగ్గిపోతుంది. రెండు మూడు వారాలకు జ్వరం, మోకాళ్ళు, చీలమండలు వాచి నొప్పి. ఒక కీలు తగ్గితే ఇంకో కీలు పట్టుకుంటుంది. దీన్ని రుమాటిక్ జ్వరం అంటారు. కీళ్ళవాపు తగ్గిపోతుంది కానీ గుండె కవాటాల మీద మచ్చ మిగిలిపోతుంది. ఎక్కువగా దెబ్బతినేది మైట్రల్ కవాటం, దానితోపాటు బృహద్ధమని కవాటం కూడా. రేకుల అంచులు ఒకదానికొకటి అతుక్కుపోయి, ఏళ్ళు గడిచాక సున్నం పడుతుంది. పై రెండు రకాలనూ మనం ఆపలేము గానీ దీన్ని ఆపగలం. గొంతునొప్పికి సకాలంలో పెన్సిలిన్ ఇస్తే చాలు. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ళ తరబడి తప్పకుండా ఇప్పించాలి. ఇల్లెందు, గుండాల, చర్ల వైపు గూడేల నుంచి వచ్చే తల్లిదండ్రులకు 21 రోజులకొకసారి రావడం ఎంత కష్టమో మాకు తెలుసు. బస్సు ఉండదు, కూలి పోతుంది. మీకు దగ్గరగా ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఆ ఇంజెక్షన్ వేయించుకొనేలా చీటీ రాయించుకోండి. "పిల్లవాడు బాగానే ఆడుకుంటున్నాడు కదా" అని మాత్రం మానేయవద్దు.

గుర్తులు

మూడు గుర్తులు జ్ఞాపకం పెట్టుకోండి. పని చేస్తే దమ్ము రావడం, పని చేస్తే ఛాతీలో నొప్పి లేక పట్టేసినట్టుండటం, పని చేస్తూ కళ్ళు తిరిగి సొమ్మసిల్లడం. మూడింటిలోనూ "పని చేస్తే" అన్నమాట ఉంది చూడండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఇరుకు దారిలో పోయే రక్తం సరిపోతుంది. శ్రమ పడగానే ఒళ్ళు ఇంకా అడుగుతుంది, దారి ఇవ్వదు.

మనవాళ్ళు చేసే పనేమిటంటే పనిని తగ్గించుకుంటారు. నిరుడు ఖమ్మం ఖిల్లా మెట్లు ఎక్కినాయన ఈ ఏడు కిందనే కూర్చుంటాడు. గుడికో చర్చికో నడిచి వెళ్ళే పెద్దమ్మ ఆటో ఎక్కుతుంది. మిర్చి యార్డులో బస్తా ఎత్తే మనిషి కాటా దగ్గర నిలబడే పనికి మారతాడు. "మీకు దమ్ము వస్తుందా?" అని డాక్టరు అడిగితే "లేదండీ" అంటారు. నిజమే, రాదు, ఎందుకంటే వచ్చే పని మానేశారు. కనుక ఇంట్లోవారు అడగవలసిన ప్రశ్న వేరు: "నిరుడు చేసిన పని ఏది ఈ ఏడు చేయడం లేదు?" వయసు మీదపడింది అన్న జవాబుతో సరిపెట్టుకోవద్దు. వయసు ఒక్క ఏడాదిలో అంత మీదపడదు.

ఛాతీ నొప్పిని గ్యాస్ అని సోడా తాగి ఊరుకోవడం ఇంకో అలవాటు. సొమ్మసిల్లితే ఎండదెబ్బ అనుకోవడం మరొకటి. వేసవిలో తునికాకు కోతకు వెళ్ళినవారు పడిపోతే ఎండ అనుకోవడం సహజమే, కొత్తగూడెం, భద్రాచలం ఎండలు అలాంటివి. కానీ రెండోసారి జరిగితే గుండె చూపించుకోవాలి. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికులకు ఈ మాట మరీ ముఖ్యం. నేల మీద కళ్ళు తిరిగితే కూర్చోవచ్చు. చెట్టు మీద తిరిగితే?

ఒక వింత గుర్తు కూడా ఉంది. కవాటం బాగా ఇరుకైన కొందరు వృద్ధులలో పేగుల నుంచి కొద్దికొద్దిగా రక్తం పోయి రక్తహీనత వస్తుంది. 1958లో హేడ్ అనే వైద్యుడు ఈ రెండింటికీ సంబంధం ఉందని గమనించాడు. ఇరుకు దారిలో దూసుకుపోయేటప్పుడు రక్తం గడ్డకట్టడానికి పనికివచ్చే ఒక ప్రొటీన్ చెడిపోవడం దీనికి కారణం. కవాటం మారిస్తే చాలామందిలో ఆ రక్తస్రావం ఆగిపోతుంది.

బాధ తెలిశాక ఆలస్యం చేయకూడదని ఎందుకు అంటామంటే, 1968లో రాస్, బ్రౌన్‌వాల్డ్ అనే ఇద్దరు వైద్యులు చెప్పిన లెక్కను వైద్య విద్యార్థులు ఈనాటికీ నేర్చుకుంటారు. కవాటం మార్చకపోతే, ఛాతీ నొప్పి మొదలైన వారు సగటున 5 ఏళ్ళు, సొమ్మసిల్లినవారు 3 ఏళ్ళు, దమ్ము మొదలైనవారు 2 ఏళ్ళు. భయపెట్టడానికి రాయడం లేదు. ఇరవై ఏళ్ళు నిశ్శబ్దంగా సాగిన జబ్బు, నోరు తెరిచాక ఇచ్చే గడువు ఇంతే.

ఎకో రిపోర్టు చదవడం

డాక్టరు స్టెతస్కోపు పెట్టగానే ఛాతీ కుడివైపు పైభాగంలో ఒక గరగర శబ్దం వినిపిస్తుంది, అది మెడ దాకా పాకుతుంది. ఎక్కువసార్లు జబ్బు మొదట దొరికేది ఇలాగే, వేరే దేనికో వచ్చినప్పుడు. ఇ.సి.జి. ఒక్కటే చాలదు. తేల్చేది ఎకో పరీక్ష. సూది లేదు, నొప్పి లేదు, కడుపులో బిడ్డను చూసే స్కానింగ్ లాంటిదే.

రిపోర్టులో "స్క్లెరోటిక్" అని ఉంటే రేకులు మందమయ్యాయి కానీ దారి ఇరుకు కాలేదు. "కాల్సిఫైడ్" అంటే సున్నం పట్టింది. "స్టెనోసిస్" అంటే దారి ఇరుకైంది. దాని ముందు మైల్డ్, మోడరేట్, సివియర్ అన్న మూడు మాటల్లో ఒకటి ఉంటుంది. పక్కన అంకెలుంటాయి. రక్తం కవాటం దాటే వేగం సెకనుకు 4 మీటర్లు లేక అంతకు మించినా, సగటు ఒత్తిడి తేడా, అంటే మీన్ గ్రేడియంట్, 40 లేక అంతకు మించినా సివియర్. గొట్టం నోటిని వేలితో మూస్తే నీళ్ళు ఎలా చిమ్ముతాయో చూశారు కదా. దారి ఎంత ఇరుకైతే వేగం అంత ఎక్కువ. గుండె బాగా అలసిపోయినవారిలో మాత్రం తోసే బలమే లేక ఈ అంకెలు తక్కువగా కనిపించవచ్చు. అందుకే రిపోర్టు చూసి మీరే తీర్పు చెప్పుకోకండి, డాక్టరుతో చెప్పించుకోండి.

మైల్డ్ అయితే 3 నుంచి 5 ఏళ్ళకు, మోడరేట్ అయితే ఏడాదికో రెండేళ్ళకో, సివియర్ అయి ఏ బాధా లేకపోతే 6 నెలల నుంచి ఏడాదిలోపు మళ్ళీ ఎకో చేయించాలి. పాత రిపోర్టులు పారేయకండి. ఈనాటి అంకె కన్నా నిరుటి అంకెకూ ఈనాటి అంకెకూ ఉన్న తేడా ఎక్కువ చెబుతుంది.

మందుతో కరగదా?

కరగదు. సూటిగా చెప్పడమే మేలు. కొవ్వు వల్ల మొదలవుతుంది కనుక కొవ్వు తగ్గించే స్టాటిన్ మాత్రలతో ఆపవచ్చేమోనని ఎంతో ఆశపడ్డారు. 2005లో, 2008లో, 2010లో వచ్చిన మూడు పెద్ద పరిశోధనల్లో కవాటం ఇరుకు ఆగలేదు, నెమ్మదించలేదు. (గుండెపోటు రాకుండా ఆ మాత్రలు వేసుకుంటున్నవారు మానవద్దు. ఆ ఉపయోగం దానిదే.) లైపోప్రొటీన్-ఏను తగ్గించే మందుల మీద పరిశోధనలు సాగుతున్నాయి. సున్నం కరిగిస్తామని వేర్లు, భస్మాలు అమ్మేవారు సంతల్లో దొరుకుతారు. వారికి డబ్బు ఇచ్చి, ఆపరేషన్‌కు అనువైన ఏడాదిని కూడా ఇచ్చేసి వచ్చేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

ఇంకో హెచ్చరిక. ఛాతీ నొప్పి రాగానే పొరుగువారి దగ్గరున్న నాలుక కింది మాత్ర అడిగి వేసుకుంటారు. కవాటం బాగా ఇరుకైనవారిలో దాని వల్ల బి.పి. ఒక్కసారిగా పడిపోవచ్చు. ఉబ్బు దిగడానికి మూత్రం మాత్రలు ఎక్కువ వేసుకోవడం, మండుటెండలో నీళ్ళు తాగకుండా ఉండటం, నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం కూడా అంతే. శ్రమల దినాల్లోనైనా, రంజాన్‌లోనైనా, ఏకాదశికైనా ఉపవాసం ఉండదలచిన గుండె రోగులు ముందు డాక్టరుతో మాట్లాడండి.

బెలూన్ వేస్తే పోదా అని మైట్రల్ కవాటానికి బెలూన్ చేయించుకున్న వారి బంధువులు అడుగుతారు. అతుక్కున్న మైట్రల్ రేకులను బెలూన్ బాగా విడదీస్తుంది. సున్నం పట్టిన బృహద్ధమని కవాటంలో మాత్రం కొన్ని నెలలకే మళ్ళీ ఇరుకవుతుంది. ఆపరేషన్‌కు తట్టుకోలేని స్థితిలో కొంత వ్యవధి కోసం వాడతారు, అంతే.

కవాటం మార్చడం

పాత తలుపు తీసి కొత్త తలుపు పెట్టడమే వైద్యం. అమెరికాలో 1960లో డాక్టర్ హార్కెన్ తొలిసారి ఈ స్థానంలో కృత్రిమ కవాటాన్ని అమర్చాడు. మన దేశంలో గుండె తెరిచి చేసే ఆపరేషన్లు మొదట్లో జరిగిన చోట్లలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఒకటి, 1961లో. మన తాతల కాలంలో ఖమ్మం స్టేషన్‌లో రైలెక్కి వేలూరు వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. ఈరోజు అంత దూరం పోనవసరం లేదు. హైదరాబాదులో నిమ్స్ మొదలుకొని చాలాచోట్ల ఈ ఆపరేషన్ జరుగుతోంది.

కృత్రిమ కవాటాలు రెండు రకాలు. లోహంతో చేసినవి చాలాకాలం మన్నుతాయి కానీ రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి. ఆవు లేక పంది కణజాలంతో చేసినవాటికి జీవితాంతం ఆ మాత్ర అవసరం రాదు, కానీ 10, 15 ఏళ్ళకు అవి కూడా గట్టిపడవచ్చు. సాధారణంగా 50 లోపు వారికి లోహం, 65 దాటినవారికి కణజాలం అనుకుంటారు. మధ్య వయసువారితో కూర్చొని మాట్లాడి నిర్ణయిస్తారు. కణజాలం ఏ జంతువుదో ముందే అడిగి తెలుసుకోవచ్చు. మతాచారం రీత్యా అభ్యంతరం ఉన్నవారు సిగ్గుపడకుండా చెప్పండి, డాక్టర్లకు అది కొత్త మాట కాదు. పిల్లలు కావాలనుకునే ఆడపిల్లల విషయం ఇంకా జాగ్రత్తగా ఆలోచించాలి. రక్తం పలచబరిచే వార్ఫారిన్ మాత్ర కడుపులోని బిడ్డకు చెరుపు చేయగలదు కనుక గర్భం రాకముందే చెప్పాలి.

లోహపు కవాటాలు ఒకప్పుడు అన్నీ విదేశాల నుంచే రావాలి, బీదవారికి అందేవి కావు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ బృందం మన దేశంలోనే కవాటం చేయాలని పూనుకుంది. మూడు నమూనాలు విఫలమయ్యాయి. నాలుగోది నిలిచింది. 1990 డిసెంబరు 6న దాన్ని తొలిసారి ఒక రోగికి అమర్చారు. లోహపు చట్రం, అందులో వాలుతూ లేచే ప్లాస్టిక్ బిళ్ళ. చూడటానికి ఎంతో సాదాగా ఉంటుంది. ఆ తరువాత అది లక్ష మందికి పైగా అమరింది. వలియత్తాన్‌గారు 2024 జూలైలో కన్నుమూశారు. ఆపరేషన్ చేయించుకొని వచ్చినవారి కార్డు మీద "చిత్ర" అన్న పేరు కనిపిస్తే అది ఈ కవాటమే.

ఛాతీ తెరవకుండా గజ్జ దగ్గరి రక్తనాళం గుండా మడిచిన కవాటాన్ని పంపి, పాతదాని లోపలే విప్పే పద్ధతి కూడా వచ్చింది. టావి అంటారు. ఫ్రాన్సులోని రువాన్‌లో డాక్టర్ అలెన్ క్రిబియె 2002 ఏప్రిల్ 16న మొదటిసారి చేశారు. మొదట ఆపరేషన్‌కు తట్టుకోలేని వృద్ధులకే అనుకున్నారు, తరువాత వాడకం విస్తరించింది. ఏ బాధా లేని తీవ్రమైన ఇరుకులో కూడా ముందుగానే దీన్ని చేయడం మేలని 2024లో ఒక పెద్ద పరిశోధన తెలిపింది. కాబట్టి "బాధ లేదు కదా, ఆగుదాం" అన్న పాత సలహా మారుతోంది. మన దేశంలో తయారైన టావి కవాటాలు కూడా ఉన్నాయి. అయినా ఖర్చు చాలా ఎక్కువ, అందరి రక్తనాళాలకూ కుదరదు.

ఖర్చు మాట వచ్చింది కనుక చెబుతున్నాం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో కవాట మార్పిడి ఆపరేషన్ ఉంది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో దీని పరిమితిని కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఎటపాక, కూనవరం, చింతూరు, వి.ఆర్. పురం మండలాల వారికి వర్తించేది అక్కడి ఎన్.టి.ఆర్. వైద్య సేవ. భద్రాచలం వంతెన దగ్గరే ఉన్నా కాగితం రాష్ట్రాన్ని బట్టే నడుస్తుంది, బయలుదేరే ముందు సరిచూసుకోండి. ఏ కవాటం, ఏ పద్ధతి పథకంలో వస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. పొలం అమ్మే ముందు అడగండి.

ఇంటికి వచ్చాక

లోహపు కవాటం పెట్టించుకున్నవారి ప్రాణం వార్ఫారిన్ లేక అసిట్రోమ్ మాత్ర మీద ఆధారపడి ఉంటుంది. రక్తం ఎంత పలచబడిందో ఐ.ఎన్.ఆర్. అనే పరీక్ష చెబుతుంది. ఎక్కువమందికి 2, 3 మధ్య, కొందరికి 2.5, 3.5 మధ్య ఉండాలంటారు. మీ అంకె ఏదో మీ కార్డు మీద రాయించుకోండి. తక్కువైతే కవాటం మీద రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు, ఎక్కువైతే రక్తస్రావం. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మాత్రకు ఎదురు పనిచేస్తుంది. అందుకని గోంగూర, తోటకూర, పాలకూర, మునగాకు మానేయవలసిన పని లేదు. వారానికి ఎంత తింటున్నారో అంతే తింటూ ఉండండి. ఆరు నెలలు ముట్టకుండా ఉండి పండుగనాడు కడుపునిండా తినడమే చిక్కు.

మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో అడిగి బ్రూఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోవద్దు. ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర కండకు సూది వేయించుకోవద్దు, లోపల రక్తం గడ్డకట్టి వాస్తుంది. ఐ.ఎన్.ఆర్. పరీక్ష అక్కరలేని కొత్త మాత్రలున్నాయని ఎవరైనా చెబితే, లోహపు కవాటానికి అవి పనికిరావని చెప్పండి. అలాంటి మాత్ర ఒకదాన్ని లోహపు కవాటమున్నవారిలో పరీక్షిస్తే గడ్డలు, రక్తస్రావాలు పెరిగాయని 2013లో తేలింది.

పళ్ళు రోజుకు రెండుసార్లు తోముకోండి. నోటి సూక్ష్మక్రిములు రక్తంలో చేరి కవాటం మీద గూడు కట్టగలవు. కృత్రిమ కవాటం ఉన్నవారు పన్ను పీకించుకొనే ముందు యాంటిబయాటిక్ వేసుకోవాలి, పళ్ళ డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి. సొంత కవాటం ఇరుకైనంత మాత్రాన ఆ మందు అక్కరలేదు. 2007 తరువాత ఈ నియమం మారింది, పాత కరపత్రాల్లో వేరుగా ఉండవచ్చు. కారణం తెలియని జ్వరం వారం దాటితే మాత్రం రక్తపరీక్ష చేయకుండా యాంటిబయాటిక్ మొదలుపెట్టనివ్వకండి.

రక్తం పలచబరిచే మాత్రను రోజూ ఒకే వేళకు వేసుకోండి. సాయంత్రం మరచిపోయి పడుకొనే ముందు గుర్తొస్తే అప్పుడే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే నిన్నటిది వదిలేసి ఈరోజుది మాత్రమే వేసుకోండి, రెండూ కలిపి వేసుకోవద్దు. ఏ రోజు తప్పిపోయిందో కార్డు మీద గుర్తు పెట్టి, తరువాత రక్తపరీక్షకు వచ్చినప్పుడు చూపించండి.